ఏదో ఒక జర్మన్ విమానం లెండి!

రెండో ప్రపంచ యుద్ధం మీద వీడియోలు చేసే మన మహానుభావులకు తెలిసిన జర్మన్ విమానం ఒక్కటే. వంగిన రెక్కలు, బయటికి వేలాడే చక్రాలు, చెవులు చిల్లులు పడే సైరన్. స్టూకా! ఎక్కడ ఎవరు బాంబు వేసినా తెర మీదికి అదే దూకుతుంది. మొన్న ఒకాయన 1940 ఆగస్టు 18న లండన్‌కి దక్షిణాన ఉన్న కెన్లీ ఎయిర్‌ఫీల్డ్ మీద జరిగిన దాడిని గొంతు బరువుగా చేసుకుని వర్ణిస్తుంటే వెనకాల అదే కూత. కెన్లీ మీదికి ఆ రోజు ఒక్క స్టూకా రాలేదు. వచ్చినవి డోర్నియర్ 17లు అనే వేరే రకం బాంబర్లు. ఆ మాటే అడిగితే వచ్చిన జవాబు: "ఏదైతేనేం సార్, జర్మన్ విమానమే కదా!"

నిజమే. మగపెళ్ళివారి మనిషే కదా అని తోడపెళ్ళికొడుకు చేత తాళి కట్టించవచ్చు. ఎవరు కాదంటారు?

న్యాయంగా చెప్పాలంటే, ఆనాటి బ్రిటిష్ వాళ్ళూ తక్కువ తినలేదు. వచ్చింది డోర్నియర్ 17 అయినా వాళ్ళ రిపోర్టుల నిండా డోర్నియర్ 215లే. ఆ 215లు మొత్తం తయారైనవే వంద చిల్లర, అవీ ఎక్కువగా ఫొటోలు తీసే పనికి తిరిగేవి. డోర్నియర్ 17 ఇంజన్ ముందు భాగం గుండ్రంగా డబ్బాలా ఉంటుంది, 215ది కోసుగా ముందుకు సాగి ఉంటుంది. తేడా అంతే.

ఆ అంతే అన్నది చూడ్డానికి ఆ రోజు కెన్లీలో ఎంత తీరిక ఉందో ఊహించండి. కందకంలో ఓ కుర్రాడు బోర్లా పడుకుని ఉన్నాడు. చెట్ల చివర్లు తగిలేటంత కిందుగా తొమ్మిది డోర్నియర్లు మీది నుంచి దూసుకుపోతున్నాయి. అతను తలెత్తి, "ఒక్క నిమిషం ఆగండి పైలట్ గారూ, మీ ఇంజన్ గుండ్రమా, కోసుగా ఉందా? కాస్త పక్కకి వంగితే మీ ఒంటి మీది అక్షరాలు రాసుకుంటాను. ఎఫ్1 అంటే 76వ బాంబర్ దళం, అది కనబడింది. చివరి అక్షరం టీ యేనా? అయితే మీరు తొమ్మిదో స్టాఫెల్ (స్క్వాడ్రన్) వాళ్ళన్నమాట, సంతోషం. ఏదీ, ఆ బాంబు కొంచెం పక్కన పెట్టి..." అని అడగాలి. పాపం, ఆ కుర్రాడు అడగలేదు. హ్యాంగర్లు తగలబడే హడావిడిలో మర్యాదలు మరిచిపోయాడు. అతనికి ఆ మినహాయింపు ఉంది. ఏసీ గదిలో కూర్చుని, టీ తాగుతూ, ముందు కంప్యూటర్ పెట్టుకుని ఎడిటింగ్ చేసేవాడికి ఏముంది?

ఏ విమానం వచ్చిందో వదిలేస్తే కథే పోతుంది. ముందు జుంకర్స్ 88లు అనే ఇంకో రకం బాంబర్లు డైవ్ చేసి హ్యాంగర్లు కొట్టాలి, తర్వాత ఎత్తు మీంచి డోర్నియర్లు, ఆఖర్న ఈ తొమ్మిదీ నేలబారుగా వచ్చి మిగిలింది ఊడ్చెయ్యాలి. అదీ ప్లాన్. మబ్బు అడ్డొచ్చి పైవాళ్ళంతా ఆలస్యమయ్యారు. ఆఖర్న రావాల్సిన తొమ్మిదీ ముందొచ్చి, కాచుకుని కూర్చున్న తుపాకుల నోట్లో పడ్డాయి. విమానాలకి తగులుకునేలా కింద నుంచి రాకెట్లతో ఉక్కు తీగలు పైకి ఎగరేశారు. నాలుగు విమానాలు వెనక్కి చేరలేదు. చేరినవాటిలో ఒకదాంట్లో పైలట్ కుప్పకూలితే సిబ్బందిలో ఇంకొకడు స్టీరింగ్ అందుకుని ఫ్రాన్స్ చేర్చాడు. లీవ్స్ గ్రీన్‌లో కూలిన ఇంకోదాన్ని మేమే కొట్టామని రైఫిళ్ళు పట్టుకున్న హోమ్‌గార్డులు, అంటే స్థానిక వాలంటీర్లు, కూడా లెక్క రాయించుకున్నారు. తీరా జుంకర్స్‌లు వచ్చేసరికి కెన్లీ అంతా పొగ. గురి కనబడక వెస్ట్ మాలింగ్ అనే ఇంకో ఎయిర్‌ఫీల్డ్ మీద పడ్డాయి. కెన్లీలో నాలుగు హ్యాంగర్లలో మూడు పోయాయి. ఆ తర్వాత కెన్లీ ఆపరేషన్స్ రూమ్‌ని కేటరమ్‌లో మూతపడ్డ ఓ మాంసం కొట్లోకి మార్చుకోవాల్సి వచ్చింది. ఇందులో స్టూకాని ఎక్కడ ఇరికిస్తారు బాబూ?

అదే రోజు మధ్యాహ్నం స్టూకాలు నిజంగానే వచ్చాయి. దక్షిణ తీరాన ఫోర్డ్, గోస్పోర్ట్, థోర్నీ ఐలండ్ ఎయిర్‌ఫీల్డుల మీదికి. ఆ వీడియో మాత్రం ఎవరూ చెయ్యరు. థోర్నీ ఐలండ్ వైపు వెళ్ళిన 28 స్టూకాల్లో 10 కూలాయి. ఇంతకీ ఆ మూడింట్లో ఒక్కటీ బ్రిటన్ ఫైటర్ కమాండ్ స్థావరం కాదు! ఫోర్డ్ నేవీది. ఫైటర్లని నేల మీదే నాశనం చేస్తామని బయల్దేరి, ఫైటర్లు లేని చోట బాంబులు గుమ్మరించారు.

ఏ ఎయిర్‌ఫీల్డు ఎవరిదో తెలుసుకోవడానికి జర్మన్ వైమానిక దళంలో ఒక విభాగం ఉంది, దానికో అధిపతి ఉన్నాడు, జోసెఫ్ ష్మిడ్. పైలట్ కూడా కాదు. ఆయనగారి కాగితాల్లో ఎయిర్‌ఫీల్డ్ అంటే ఎయిర్‌ఫీల్డే, ఏదైతేనేం! ఆ "ఏదైతేనేం"కి ఫోర్డ్‌లో 28 మంది చచ్చిపోయారు. పంపించిన కుర్రాళ్ళూ చచ్చిపోయారు. సిగ్గు లేదా? పోల్చుకోవడమే ఉద్యోగం అయినవాడికి, దానికే జీతం తీసుకుంటున్నవాడికి, ఆ మాత్రం పట్టదా? ఉద్యోగం పీకేసి ఉంటారని అనుకుంటున్నారేమో. జనరల్‌ని చేశారు. 1943లో ఏకంగా ఓ ఫైటర్ దళాన్నే తెచ్చి చేతిలో పెట్టారు.