ఉత్తర్వు లేని నిషేధం

నయనతార నటించిన తమిళ చిత్రం 'అన్నపూరణి'ని నెట్‌ఫ్లిక్స్ నుంచి తొలగించాలని ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పలేదు. ముంబైలో నెట్‌ఫ్లిక్స్ కార్యాలయం ముందు నినాదాలు మిన్నంటాయి, పోలీసులకు ఫిర్యాదులు అందాయి, నిర్మాణ భాగస్వామి జీ స్టూడియోస్ విశ్వహిందూ పరిషత్తుకు క్షమాపణ లేఖ రాసింది. 2023 డిసెంబరు 29న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన చిత్రం 2024 జనవరి రెండో వారానికల్లా కనుమరుగైంది. జనవరి 18న నయనతార 'జై శ్రీరామ్' అన్న శీర్షికతో బహిరంగ క్షమాపణ విడుదల చేశారు. తాను దైవభక్తురాలినని, తరచూ ఆలయాలకు వెళ్తుంటానని అందులో చెప్పుకున్నారు. 'శ్రీరామరాజ్యం'లో సీతగా నటించి నంది పురస్కారం అందుకున్న నటి ఇప్పుడు తన భక్తికి పూచీకత్తు ఇవ్వవలసి వచ్చింది!

చిత్రంలో శ్రీరంగం ఆలయంలో నైవేద్యం వండే ఇంటి ఆడపిల్ల మాంసం వండటం, బిర్యానీకి ముందు నమాజు చేయడం, వనవాసంలో రాముడు మాంసం తిన్నాడన్న సంభాషణ కొందరిని బాధించాయి. రాముణ్ణి కథలో పాత్రగా కాక ఇంటి ఇలవేల్పుగా కొలిచేవారికి ఆ బాధ నిజమే. నిరసన తెలపడం, చూడవద్దని ప్రచారం చేయడం వారి హక్కు. (వాల్మీకంలోని ఆ శ్లోకాలపై పండితుల తగవు పాతదే; అందులోకి మేము వెళ్లడం లేదు.) అయితే ఈ చిత్రం డిసెంబరు 1నే సెన్సార్ బోర్డు ధ్రువపత్రంతో థియేటర్లకు వచ్చింది. అప్పుడు గాయపడని మనోభావాలు అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ ముంగిట, అదీ ఓటీటీలోకి వచ్చాక గాయపడ్డాయి. అభ్యంతరాలుంటే 2021 ఐటీ నిబంధనల్లో దారి ఉంది. ఫిర్యాదుల అధికారికి 15 రోజుల గడువు, ఆపైన స్వీయ నియంత్రణ సంస్థ, చివరికి కేంద్ర ప్రభుత్వ కమిటీ. చిత్రం నెట్‌ఫ్లిక్స్‌లో కనిపించిందే ఆ 15 రోజులకన్నా తక్కువ!

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 2006లో హాలీవుడ్ చిత్రం 'డావిన్సీ కోడ్'ను, క్రైస్తవుల విశ్వాసాన్ని గాయపరుస్తుందంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అది తప్పుడు ఉత్తర్వు. అయినా ఉత్తర్వంటూ ఒకటి ఉంది కాబట్టి పంపిణీదారు హైకోర్టుకు వెళ్లగలిగారు. న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. 2018లో 'పద్మావత్'ను అడ్డుకున్న రాష్ట్రాల ఉత్తర్వులు సుప్రీంకోర్టు ముందు నిలవలేదు. మరి 'అన్నపూరణి' విషయంలో ఎవరిని బోనెక్కించాలి? కాగితం లేదు, కారణం లేదు, సంతకం లేదు. చూడాలనుకున్న ప్రేక్షకుడు అప్పీలు చేసుకోవడానికి గడపే లేదు. సర్కారు నిషేధం కన్నా ఈ నిశ్శబ్ద తొలగింపు ప్రమాదకరమని మేము అంటున్నది అందుకే. ఒకసారి పనిచేసిన బెదిరింపును ఎవరూ వదులుకోరు.

అది ఒక్క మతం ఆయుధంగానే ఉండిపోదు. 2013లో ముస్లిం సంఘాల అభ్యంతరంతో తమిళనాడు 'విశ్వరూపం'ను ఆపింది. కమల్‌హాసన్ కొన్ని దృశ్యాలకు, మాటలకు కత్తెర వేసుకున్నాకే అక్కడ తెర మీదికి వచ్చింది. మన దగ్గర 2017లో 'దువ్వాడ జగన్నాథమ్' పాటలో 'నమకం, చమకం' వంటి మాటలపై బ్రాహ్మణ సంఘాలు పట్టుబడితే సాహిత్యమే మారింది. 'విశ్వరూపం' నాడు భావప్రకటన స్వేచ్ఛ గురించి ఉపన్యసించినవారే నేడు 'తొలగించాల్సిందే' అంటున్నారు. నేడు స్వేచ్ఛ కోసం గొంతు చించుకుంటున్నవారిలో కొందరు నాడు నోరు మెదపలేదు. తమ దేవుడి దాకా వస్తే ఒక న్యాయం, పొరుగువాడి దేవుడైతే మరో న్యాయం!

నిరసనకారుల బెదిరింపులకు లొంగి చిత్రాన్ని అణచివేయకూడదని, వారి నుంచి స్వేచ్ఛను కాపాడటం ప్రభుత్వ బాధ్యతని సుప్రీంకోర్టు 1989లోనే ఎస్. రంగరాజన్ కేసులో తేల్చిచెప్పింది. శాంతిభద్రతలను అదుపు చేయలేమని చేతులెత్తేయడం కుదరదంది. ఆ బాధ్యతను తలకెత్తుకోవలసిన వారు ఎక్కడున్నారు? వ్యాపారం చేసేటప్పుడు సృజన గురించి గొప్పలు పోయే సంస్థలు కనీసం న్యాయస్థానం గుమ్మమైనా తొక్కకుండా, ఫిర్యాదు తడి ఆరకముందే చిత్రాన్ని అటకెక్కించాయి. వందల మంది శ్రమను కాపాడే వెన్నెముక లేనప్పుడు ఆ చిత్రాన్ని ఎందుకు తీశారు, ఎందుకు కొన్నారు?

ఇక కేంద్ర సమాచార ప్రసార శాఖ. తన బోర్డు సభ్యులు చూసి, సంతకం చేసి పంపిన చిత్రాన్ని వీధి నినాదం రద్దు చేస్తే ఆ సంతకం విలువేమిటో ఆ శాఖ చెప్పాలి. విలువ లేదంటారా, ధ్రువపత్రం కోసం నిర్మాతల నుంచి రుసుము వసూలు చేయడం రేపటి నుంచే మానేయండి.