థకీ ధకీ మధ్య పోయిన గొడుగు

నిన్న సాయంత్రం సంగతి. మంట ఇంకా చల్లారలేదు.

మా బావమరిది నా గొడుగు తీసుకెళ్లి, రెండు ఊచలు విరగ్గొట్టి తెచ్చాడు. ఇదేంటని అడిగాను. "అది సరే గానీ బావా, పోయినేడు నా హెల్మెట్ ఏం చేశావ్?" అన్నాడు. రెండూ నెత్తిమీద ఉండేవే అన్నది తప్ప, హెల్మెట్‌కీ గొడుగుకీ ఏం సంబంధం?

ఈసారి మాత్రం నేను సిద్ధంగా ఉన్నాను. వారం రోజులుగా గౌతమ మహర్షి న్యాయసూత్రాలనే పాత తర్కశాస్త్ర గ్రంథం గురించి చదువుతున్నాను మరి. వాదంలో మనిషి ఓడిపోయే చోట్లు ఆయన 22 లెక్కపెట్టాడు. అసలు విషయం వదిలేసి సంబంధం లేని మాటలోకి దూకితే దాని పేరు అర్థాంతరం. దూకినవాడు ఓడినట్టే. ఇది తెలీక అత్తారింట్లో ఎన్ని వాదాలు పోగొట్టుకున్నానో!

విరిగిన గొడుగు పైకెత్తి "అర్థాంతరం!" అని అరిచాను.

"అర్ధాంతరంగానా? ఎవరు పోయారు బావా?" అన్నాడు కంగారుగా.

అక్కడ ఊరుకోవాల్సింది. "అది ధ, ఇది థ" అన్నాను. "రెండూ ఒకటే కదా" అన్నాడు. ఒకటెలా అవుతాయి? కాగితం తెచ్చాను. పెన్ను రాయకపోతే ఇంకోటి వెతికి తెచ్చాను. సగం అయితే ధ, భావం అయితే థ, థకి కడుపులో చుక్క ఉంటుంది అని గీసి చూపించాను. తర్వాత పలికించాను. అతను థ అన్నప్పుడల్లా తుంపర్లు నా మొహాన పడుతుంటే గొడుగు విప్పి అడ్డం పెట్టుకున్నాను. ఊచలు విరిగిన వైపు నుంచి పడుతూనే ఉన్నాయి. అయినా "భేష్, ఇంకోసారి" అంటూనే ఉన్నాను.

"గొడుగు సంగతి తేలిందా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగేదాకా నాకు గొడుగు గుర్తే లేదు.

ఆ ఉక్రోషంలో "సరే, నీ హెల్మెట్ పగలగొట్టాను, నువ్వూ గొడుగు విరిచావుగా!" అనేశాను. మన తప్పు ఒప్పేసుకుని ఎదుటివాడికీ అదే అంటగడితే మతానుజ్ఞ. అదీ ఆ 22లోదే. అంటే ఓడింది నేను, అదీ శాస్త్రోక్తంగా.

"పనుంది బావా" అని అతను లేచాడు. పని వంకతో వాదం మధ్యలో లేచిపోతే విక్షేపం, అదీ ఓటమే! ఆ మాట చెబుదామని వాకిట్లోకి పరిగెత్తాను. మనిషి లేడు. బయట వాన. మేకుకి తగిలించిన మా ఆవిడ గొడుగూ లేదు.