పదివేల షాట్లు, పద్నాలుగు గంటలు

అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టెఫ్ కర్రీ మీద ఒక వాట్సాప్ ఫార్వర్డు ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా బావ దగ్గర్నుంచి, నిన్న రాత్రి పదకొండున్నరకి మళ్లీ ఇంటర్ గ్రూపులోనే, ఇంకొకడి పుణ్యమా అని. పైన దండం పెట్టే బొమ్మలు మూడు, కింద ‘పది మంది తల్లిదండ్రులకు పంపండి’ అనే ఆజ్ఞ. మధ్యలో కథ ఇది: పేదింటి పిల్లాడు, మట్టి నేల, స్తంభానికి కట్టిన రింగు. పొట్టివాడివని అందరూ తరిమేశారు. రోజుకు పదివేల షాట్లు కొట్టాడు. కాలు విరిగినా ఒక్క రోజు ఆట ఆపలేదు. ప్రపంచాన్ని గెలిచాడు.

కర్రీ జట్టు వారియర్స్ మ్యాచ్‌ల కోసం తెల్లారుజామున అలారం పెట్టుకుని లేచే మనిషిని నేను. మూడుసార్లు నోరు మూసుకున్నాను. ఇక నావల్ల కాదు.

పేదరికం సంగతి చూద్దాం. తండ్రి డెల్ కర్రీ అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 16 సీజన్లు ఆడాడు. కెరీర్ మొత్తం మీద 1,245 త్రీలు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, గురి 40 శాతం పైనే. తల్లి సోన్యా వర్జీనియా టెక్ తరఫున వాలీబాల్ ఆడింది. షార్లట్‌లో నాన్న మ్యాచ్‌కు ముందు అన్నదమ్ములు స్టెఫ్, సెత్ ఎన్‌బీఏ కోర్టు మీదే బంతులు వేసుకుంటూ పెరిగారు. ఇది పేదరికమైతే మా ఇంటికి కూడా ఒకటి పార్సిల్ చేయండి.

మట్టి నేల, స్తంభం మాత్రం ఉత్తి కల్పన కాదు. వర్జీనియాలో గ్రోటోస్ అనే చిన్న ఊళ్లో తాత జాక్ కర్రీ ఇంటి దగ్గర స్తంభానికి రింగు బిగించాడు, తన కొడుకు డెల్ కోసం. ఆ ఎగుడుదిగుడు నేల మీద ఆట నేర్చుకున్నది తండ్రి. సెలవులకు వెళ్లినప్పుడు మనవళ్లూ అక్కడ ఆడుకున్నారు. ఫార్వర్డు రాసిన మహానుభావుడు మధ్యలో తండ్రిని మాయం చేసి, తాత కష్టాన్ని తీసుకెళ్లి మనవడి ఖాతాలో వేశాడు.

‘ఏ కాలేజీ చేర్చుకోలేదు, ఏ జట్టూ కొనలేదు.’ మొదటి ముక్కలో కొంత నిజముంది. అమ్మానాన్నలు ఇద్దరూ ఆడిన వర్జీనియా టెక్ అతనికి స్కాలర్‌షిప్ ఇస్తామనలేదు, కావాలంటే సొంత ఖర్చుతో వచ్చి చేరమంది. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ, అక్కడి కోచ్ బాబ్ మెకిలప్ మాత్రం నమ్మారు. 2008 జాతీయ కాలేజీ టోర్నమెంటులో అదే చిన్న కాలేజీ గొంజాగా, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్‌లను వరసగా ఇంటికి పంపి, కాన్సాస్ చేతిలో రెండంటే రెండు పాయింట్ల తేడాతో ఓడింది. రెండో ముక్క అచ్చమైన అబద్ధం. ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. అది ఐపీఎల్ వేలం కాదు, ‘అన్‌సోల్డ్’ అని సుత్తి కొట్టడానికి. 2009లో 60 మందిలో ఏడోవాడిగా వెళ్లాడు. అతన్ని వదులుకుని తల పట్టుకోవాల్సింది మిన్నెసోటా జట్టు. అయిదు, ఆరు రెండు వంతులూ వాళ్లవే, రెండిటితోనూ ఇతనిలాగే ఆటను నడిపించే పాయింట్ గార్డులనే తీసుకున్నారు, ఇతన్ని తప్ప.

షూ మీద ‘కర్మణ్యేవాధికారస్తే’ అని రాసుకుంటాడట. అది బైబిల్ వాక్యం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 4:13. తర్వాత.

డేగ కళ్లట. ఆ డేగకు కెరటోకోనస్ ఉంది, అంటే కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర ముందుకు సాగి చూపు మసకబారే జబ్బు. కాంటాక్ట్ లెన్సులు వాడటం మొదలుపెట్టానని 2019లో తనే చెప్పాడు. తర్వాత.

ఇక వీడియో. కోర్టు ఈ చివర నిలబడి ఆ చివరి రింగులోకి వరసగా అయిదు బంతులు వేస్తాడు. మా బావ దీన్ని ‘తప్పక చూడు’ అంటూ పంపాడు. 2022 డిసెంబర్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ కూడా దీన్ని షేర్ చేసి నవ్వులపాలైంది, బావ ఒక్కడే బోల్తా పడలేదు. అది నిజం వీడియో కాదని వారియర్సే చెప్పేశారు. కోర్టు పొడవు 94 అడుగులు బావా.

రోజుకు పదివేల షాట్లు. క్యాలిక్యులేటర్ అందరి ఫోన్లోనూ ఉంది కదా. అయిదు సెకన్లకో షాట్ అనుకుందాం, నీళ్లు తాగకుండా, బాత్రూమ్‌కు వెళ్లకుండా. పదివేల షాట్లకు యాభై వేల సెకన్లు, దాదాపు పద్నాలుగు గంటలు. మిగిలిన పది గంటల్లో చదువు, తిండి, నిద్ర, మ్యాచ్. అతని సాధన లెక్కే వేరు. వేసినవాటిని లెక్కపెట్టరు, పడినవాటినే లెక్కపెడతారు.

అసలు జరిగింది ఇంతకన్నా బాగుంటుంది, దాన్ని ఎవడూ ఫార్వర్డు చేయడు. హైస్కూల్లో ఉన్నప్పుడు అతను బంతిని నడుము దగ్గర్నుంచి ఎత్తి వేసేవాడు, ఒంట్లో బలం చాలక. పై స్థాయిలో పొడుగువాళ్లు దాన్ని సులువుగా ఆపేస్తారని తండ్రి పట్టుబట్టి, ఒక వేసవంతా ఆ షాట్‌ను విప్పి మళ్లీ కట్టించాడు. బంతి తల పైనుంచి వెళ్లాలి. కొన్ని వారాలపాటు రింగు దగ్గర్నుంచి తప్ప వేయలేకపోయాడు, దూరం నుంచి వేసే ఊసే లేదు. ఇవాళ బంతి అందుకుని అర సెకను లోపే వదిలేస్తున్నాడంటే ఆ వేసవి పుణ్యమే. ‘నీ షాట్ తప్పురా’ అని చెప్పగల మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మన ఊళ్లలో పదివేలు కాదు, లక్ష షాట్లు వేసినా, ఆ మాట చెప్పేవాడు లేకపోతే తప్పు షాటే గట్టిపడుతుంది. నేను జిల్లా జట్టు దాకా వెళ్లి ఆగిపోయింది అందుకే. సరే, అదొక్కటే కారణమని ఎలా అంటాను.

ఒకచోట మాత్రం నేనే బోర్లాపడ్డాను. ‘ప్రాక్టీసులో వరసగా 105 త్రీలు వేశాడు’ అని ఉంది. ఇది పక్కా అబద్ధమని గ్రూపులో రాసి, పంపినవాణ్ని వెటకారం కూడా చేశాను. తీరా చూస్తే నిజం. 2020 డిసెంబర్‌లో ప్రాక్టీసు అయ్యాక, ఒకే మూలన నిలబడి వేశాడు. వీడియో అయిదు నిమిషాలకు పైగా ఉంది. రెండుసార్లు చూశాను, ఎక్కడ తప్పుతాడా అని. క్షమాపణ గ్రూపులో రాశాను. ఇక్కడా రాస్తున్నాను.

ఇప్పుడు నా ఒళ్లు మండిన ముక్క. ‘కాలు విరిగినా, డాక్టర్లు వద్దన్నా, ఒక్క రోజు కూడా ఆట ఆపలేదు.’

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. స్కూలు జట్టులో ఆడతాడు. పోయిన నెల రింగుకు తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ఎగిరి వేరేవాడి పాదం మీద దిగాడు, చీలమండ బెణికింది. ఇంట్లో పసుపు, సున్నం పట్టు వేశారు. మూడో రోజు వాళ్ల పీఈటీ సారు ఈ ఫార్వర్డే చదివి వినిపించి, క్రేప్ బ్యాండేజ్ చుట్టి కోర్టులోకి దింపాడు. వాడు మళ్లీ అదే కాలు మడత పెట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి సాక్సు ఊడదీయడానికి లేకుండా వాచిపోయి ఉంది, చీలమండ ఎముక ఎక్కడుందో కనపడలేదు. వాడు ఏడుస్తూ అడిగిందేమిటంటే, “మావయ్యా, కర్రీ కూడా ఇలాగే ఆడాడంట కదా?”

ఆడలేదురా. కుడి చీలమండకు 2011లో ఒక ఆపరేషన్, 2012లో ఇంకొకటి. ఆ మధ్య సీజన్లో జట్టు 66 మ్యాచ్‌లు ఆడితే అతను ఆడినవి 26. మిగతా 40 పక్కన కూర్చున్నాడు. ఆ చీలమండను చూసి భయపడే 2012లో నాలుగేళ్లకు 44 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు కుదిరింది, అతని స్థాయికి అది చౌక బేరం. తర్వాత వారియర్స్‌లో కీకీ లైల్స్ అనే ట్రైనర్ గమనించింది ఏమిటంటే, దిశ మార్చిన ప్రతిసారీ ఇతను భారమంతా చీలమండ మీదే వేస్తున్నాడని. అందుకని తుంటి, పిరుదుల కండరాలకు బలం పెంచారు, బరువులు ఎత్తించారు. నొప్పిని పళ్ల బిగువున భరించడం కాదు అక్కడ నేర్పింది, భారాన్ని పైకి మార్చడం. అయినా ఇవాళ్టికీ చీలమండలకు బ్రేసులు కట్టుకునే కోర్టులోకి దిగుతాడు.

ఒక్క రోజు కూడా ఆపలేదట! 2019-20లో చెయ్యి విరిగి మొత్తం సీజన్లో అయిదు మ్యాచ్‌లే ఆడాడు. 2022 మార్చిలో పాదం లిగమెంటు బెణికితే లీగ్ దశలో చివరి 12 మ్యాచ్‌లు మానేశాడు. తిరిగొచ్చాక ప్లేఆఫ్స్, అంటే నాకౌట్ దశ మొదటి నాలుగు మ్యాచ్‌ల్లోనూ ఆట మొదలయ్యాకే బెంచీ మీదనుంచి లేచి వచ్చాడు. ఆ ఏడాదే నాలుగో టైటిల్, మొదటిసారి ఫైనల్స్ ఎంవీపీ, అంటే ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు. విశ్రాంతి తీసుకున్న సంవత్సరం అది. దీనికి దండం బొమ్మలు పెట్టి ఎవరైనా పంపించారా?

కోట్ల జీతాలు, చుట్టూ డాక్టర్లు ఉన్నవాళ్లే నెల రోజులు ఆగితే, తొమ్మిదో తరగతి పిల్లాడు మూడు రోజులకు దిగాలా? స్కూళ్ల టోర్నమెంటు కప్పు కోసం?

మావాడికి డాక్టరు ఆరు వారాలు ఆట వద్దన్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం మేడ మీద పిట్టగోడ పట్టుకుని ఆ కాలి మీద ముప్ఫై సెకన్లు నిలబడుతున్నాడు, తర్వాత గోడ వదిలేసి. నిన్న పదకొండు సెకన్ల దాకా వచ్చాడు.

పది మంది తల్లిదండ్రులకు పంపమన్నారు కదా, పంపలేదు. పీఈటీ సారుకు మాత్రం ఆ 26 మ్యాచ్‌ల లెక్క పంపాను. రెండు టిక్కులూ నీలమయ్యాయి. జవాబు లేదు.