మెడలో గోడ, చేతిలో రిపోర్టు

అనంతపురంలో కరువు వానకే గానీ ఎండకు కాదు. అలాంటి ఊళ్లో ఉంటూ నా రక్తంలో విటమిన్ డి 14 మాత్రమే ఉందనీ, 30 ఉండాలనీ ల్యాబ్ వాళ్లు ఎర్రక్షరాల్లో రాసిచ్చారు. మే నెల మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టి, గొడుగు పట్టుకుని, నీడ నీడనే నడిచి వెళ్లి తెచ్చుకున్న రిపోర్టు అది. ఎండ తగలకుండా ఉండటానికి నేను పడ్డ శ్రమ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

బి12 కూడా తక్కువేనట. మెగ్నీషియం 1.6, అదీ ఎరుపే. ప్యాకేజీలో మెడ స్కాన్ కూడా ఉంది. చల్లటి జెల్ పూసి, "గుటక వేయొద్దు సార్" అంటూ ఆ అమ్మాయి మెడకు రెండు పక్కలా కొలిచింది. గుండెజబ్బు ముప్పును అంచనా వేయడానికట. రక్తనాళం గోడ మందం 0.9 మిల్లీమీటర్లు. ఈ గోడను స్కాన్‌తో కొలవొచ్చని 1986లో ఇటలీ వాళ్లు చూపించారు, ఆ కొలత ఇప్పటికి నా మెడ దాకా వచ్చింది.

గోడ మందమైతే మా వంశంలో గౌరవం. మా తాత కట్టిన మట్టిమిద్దె గోడలు రెండడుగులు. కాంపౌండు గోడ నాలుగంగుళాలు ఇటు జరిగిందని మా చిన్నాన్న పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. అలాంటి ఇంట్లో పుట్టి మిల్లీమీటరు కూడా లేని గోడకు టెన్షన్ పడటం నాకే నామోషీ అనిపించింది. అయినా పడ్డాను.

నా సిద్ధాంతం సులభం. రక్తంలో అంకెలు పెరిగితే గోడ పలచబడాలి. అందుకని మూడు రకాల మాత్రలు కొన్నాను. వేరుశనగ బుడ్డలు పండే జిల్లాలో ఉంటూ మెగ్నీషియం కోసం మెడికల్ షాపుకు వెళ్లాను. ఒంట్లోని మెగ్నీషియంలో నూటికి ఒక వంతు కూడా రక్తంలో ఉండదు, మిగతాది చాలావరకు ఎముకల్లో, కండరాల్లో ఉంటుంది. అంటే జేబులో చిల్లర లెక్కపెట్టి నా ఆస్తి ఎంతో తేల్చేశారన్నమాట.

అమెరికాలో 25,871 మందిలో సగం మందికి రోజూ 2,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి ఐదేళ్లకు పైగా చూశారు. గుండెపోట్లు తగ్గలేదని 2018లో తేల్చారు. వాళ్లలో మా ఊరివాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ఆ ఫలితం నాకు వర్తించదు. బి12 తక్కువైతే రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది, అది పెరిగినవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువ. మాత్రలు వేస్తే హోమోసిస్టీన్ బుద్ధిగా దిగుతుంది. గుండెపోట్లు మాత్రం దిగలేదని 2006లో రెండు పెద్ద పరీక్షల్లో బయటపడింది. ఇక మెడ గోడను మామూలుగా అందరికీ కొలవక్కర్లేదని అమెరికా గుండె డాక్టర్ల సంఘాలు 2013లోనే చెప్పాయి. ఆ సంగతి నాకు తెలిసేసరికి జెల్ కూడా ఆరిపోయింది.

రిపోర్టు ఎనిమిది పేజీలు. సిగరెట్లకు నార్మల్ రేంజ్ ఎక్కడా ఇవ్వలేదు కాబట్టి నావి నార్మల్ కిందే లెక్క. బీపీ ఎవరూ చూడలేదు, అది ప్యాకేజీలో లేదట.

మొన్న బాత్రూం గోడ ఉబ్బితే బేల్దారిని పిలిపించాను. వేలితో తట్టి చూసి, "పైన ఎన్ని పూతలు పూసినా ఇది నిలవదు సామీ. లోపల చెమ్మ యాడ నుంచి వస్తాందో చూడాల" అన్నాడు. పూతకే నాలుగు వేలు అనుకుని ఉన్న నాకు ఆ మాట నచ్చలేదు. మాట మార్చడానికి నా రిపోర్టు చూపించి, 0.9 అంటే ఎంతో గోటి మీద గీసి చెప్పాను.

"గోరంత గోడకు ఎనిమిది పేజీల ఎస్టిమేటా?" అని నవ్వాడు. నా ప్యాకెట్లోంచి ఒక సిగరెట్ అడిగి తీసుకున్నాడు. నేనూ ఒకటి వెలిగించి, మధ్యాహ్నం మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుచేసుకుంటూ నిలబడ్డాను.