గట్టు అవతలి లెక్క

కెమికల్ ఇంజినీరింగ్ చదివి, పన్నెండేళ్ళు ప్లాంట్లో వాల్వులు తిప్పి, ఉద్యోగం మానేసి ఇప్పుడు పర్యావరణం మీద వ్యాసాలు రాసుకుంటున్నవాణ్ణి నేను. భూగోళాన్ని కాపాడే బాధ్యతలో కొంత నా నెత్తిన పడిందని సవినయంగా మనవి చేస్తున్నాను. మా ఆవిడ మాత్రం ముందు గ్యాసు బండ బుక్ చేయమంటోంది.

మా చదువులో మొట్టమొదట నేర్పేది మాస్ బ్యాలెన్స్. లోపలికి వెళ్ళిందంతా బయటికైనా రావాలి, లోపలైనా పోగుపడాలి, మాయమవడమంటూ ఉండదు. అయితే లెక్క మొదలుపెట్టే ముందు ఒక గీత గీసుకోవాలి, ఇది లోపల, అది బయట అని. గీత ఎక్కడ గీయాలన్నది మన విచక్షణ. అలాంటి విచక్షణ మా గోదావరి డెల్టాలో పుష్కలం. ఆ గీతని మేం గట్టు అంటాం.

భీమవరం దగ్గర మా చిన్నాన్నకి మూడెకరాల చేను, దాన్ని ఆనుకుని రొయ్యల చెరువు ఉన్నాయి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే దగ్గర దగ్గర 21 కిలోలు. గాల్లోని నత్రజనిని పట్టి అమ్మోనియాగా మార్చినందుకు హేబర్‌కి 1918 నోబెల్, ఆ పనిని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చిన బాష్‌కి 1931లో మరొకటి. అంత తంటాలు పడి పట్టిన సరుకుని దాళ్వా (రెండో పంట) వరిచేలో నిలవనీళ్ళ మీద చల్లితే, సగానికి పైగా మొక్కకి అందకుండానే పోతుంది. కొంత మళ్ళీ గాల్లోకి, కొంత కాలవలోకి. ఇదంతా చిన్నాన్నకి విడమరిచి చెప్పాను.

"అయితే ఇంకో బస్తా వేయమంటావేంట్రా?" అన్నాడు.

అంకెల్లో మాత్రం ఆయన ఎక్కడా తప్పలేదు.

మొన్న తెల్లవారుజామున నాలుగింటికి ఫోను. "ఒరేయ్, రొయ్యలు పైకి తేలిపోతున్నాయి, నువ్వు చదివింది ఇదే కదా, రా!" వెళ్ళేసరికి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి. సెల్‌ఫోన్ లైటు పట్టుకుని చూస్తే, చిన్న గాజు సీసాలో చెరువు నీళ్ళు పరీక్ష మందు చుక్క పడగానే పసుపు దాటి ముదురాకుపచ్చకి తిరిగాయి. అమ్మోనియా! మేతలోని నత్రజనిలో ఎక్కువ భాగం రొయ్య ఒంటికి పట్టదు, నీళ్ళలోనే మిగులుతుంది. పైగా చిన్నాన్న సాయంత్రమే సున్నం చల్లాడు. సున్నంతో నీళ్ళ క్షారగుణం, అంటే పీహెచ్, పెరిగితే ఉన్న అమ్మోనియాకే విషం ఎక్కువవుతుంది. ఈ సంగతి అమ్మోనియం అయాన్ దగ్గర మొదలుపెట్టి గట్టు మీద నిలబడి ఓపిగ్గా వివరించాను. నేను సమీకరణం రెండో వైపుకి వచ్చేలోపు ఆయన తూము ఎత్తేశాడు. నల్లటి నీళ్ళు బొళబొళమంటూ మురుగు కాలవలో కలిశాయి. చెరువు లెక్క సరిపోయింది.

దిగువ చెరువాయన పొద్దున్నే ఆ కాలవలోనే మోటారు పెడతాడు. ఆయనకీ ఒక తూముంది. ఇన్ని తూములు దాటి ఆ నీళ్ళు సముద్రంలో పడతాయి. సముద్రానికి అవతలి గట్టు కనబడదు కాబట్టి అది ఎవరి లెక్కలోకీ రాదు.

కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి నీళ్ళు లోపలికి తెచ్చాడు, ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్నాం. నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్‌లో పూడిక తీయించినవాడికి విగ్రహం పెట్టిన ఊరు మాత్రం నేనింతవరకూ చూళ్ళేదు.

ఆ వారం నా వ్యాసం రొయ్య పొట్టు మీద. పొట్టులోని కైటిన్ నుంచి కైటోసాన్ తీయొచ్చు, దానితో మురుగునీళ్ళు శుద్ధి చేయొచ్చు, వ్యర్థమే సంపద అని రాశాను. రాస్తుండగా చిన్నాన్న రెండు కిలోల రొయ్యలు పంపించాడు. వేపుడు అద్భుతం. తిన్నాక తలకాయలూ పొట్టూ క్యారీబ్యాగులో ముడేసి, ప్రహరీ గోడ మీంచి అవతలికి విసిరేసి వచ్చి, ఆఖరి పేరా పూర్తిచేశాను.

పక్కింటాయన ఏదో కేకలేస్తున్నాడు. అది మా కాంపౌండు పరిధిలోకి రాదు.