హంతకుడి బాల్యం కన్నా బాధితుల జాబితా ఎక్కువ చెబుతుంది

వరుస హత్యల కేసు బయటపడగానే అందరూ తవ్వేది నిందితుడి బాల్యాన్నే. తండ్రి కొట్టేవాడా, పిల్లుల్ని చంపేవాడా అని ఆరా తీస్తారు. పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువులను హింసించడం అనే మూడు లక్షణాల సూత్రం 1963లో మెక్‌డొనాల్డ్ అనే మానసిక వైద్యుడు రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఆయన చూసిన 100 మంది రోగులు చంపుతామని బెదిరించినవాళ్లు, వరుస హంతకులు కారు. ఆ సూత్రానికి తర్వాతి పరిశోధనల్లో గట్టి ఆధారమేమీ దొరకలేదు. అయినా టీవీ చర్చల్లో అది చావలేదు.

ఇక పెద్దయ్యాక? అమెరికాలో 49 హత్యలకు శిక్షపడిన గ్యారీ రిడ్జ్‌వే దాదాపు 30 ఏళ్లు ఒకే కంపెనీలో ట్రక్కులకు రంగులు వేశాడు. కర్ణాటకలో ‘సయనైడ్ మోహన్’గా పేరుపడిన మోహన్ కుమార్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. బ్రిటన్‌లో హెరాల్డ్ షిప్‌మన్ వైద్యుడు. ఈ ముగ్గురి గతాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే పట్టుకోవడానికి పనికొచ్చే పోలిక ఏదీ కనిపించదు. బాధితులను చూస్తే కనిపిస్తుంది: వాళ్లు మాయమైనా, చనిపోయినా వెంటనే ఎవరికీ అనుమానం రాదు.

సెక్స్ వర్కర్లనే ఎందుకు ఎంచుకున్నాడో రిడ్జ్‌వే కోర్టులోనే ఒప్పుకున్నాడు: వాళ్లు కనిపించకపోయినా వెంటనే ఎవరూ ఫిర్యాదు చేయరని. ఫిర్యాదు ఆలస్యమైతే చివరిసారి ఎక్కడ, ఎవరితో కనిపించారో చెప్పే సాక్షులు చెదిరిపోతారు. శవం దొరికేసరికి కుళ్లిపోతుంది, మరణకారణం తేలదు.

అమెరికాలోనే మరో వరుస హంతకుడు శామ్యూల్ లిటిల్ 93 హత్యలు చేశానన్నాడు. 2019 నాటికి వాటిలో 50 నిజమేనని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిర్ధారించింది. ఒకప్పటి బాక్సర్ కావడంతో దెబ్బకొట్టి స్పృహ తప్పించి గొంతు నులిమేవాడు. కత్తిగాటు, తూటా గాయం ఉండవు. అందుకే చాలా మరణాలు డ్రగ్స్ మోతాదు మించడం వల్లో, ప్రమాదం వల్లో జరిగినట్టు నమోదయ్యాయి. హత్యగా నమోదు కాని మరణాన్ని మరో హత్యతో కలిపి చూసేదెవరు?

మోహన్ పద్ధతి ఇంకా నిశ్శబ్దమైనది. పెళ్లి చేసుకుంటానని నమ్మించి వేరే ఊరికి తీసుకెళ్లేవాడు, నగలు లాడ్జిలో ఉంచమనేవాడు, గర్భనిరోధక మాత్ర అని చెప్పి సయనైడ్ ఇచ్చి బస్టాండు మరుగుదొడ్డిలో వేసుకోమనేవాడు. శవం ఒక ఊళ్లో అనుమానాస్పద మృతి, ఆ అమ్మాయి మరో ఊళ్లో అదృశ్యం కేసు. రెండు ఫైళ్లు రెండు స్టేషన్లలో ఉండిపోయాయి. 2009లో పట్టుబడేసరికి 20 మంది బలయ్యారు.

షిప్‌మన్ కేసు మాత్రం వేరు. అతని బాధితులు దిక్కులేనివాళ్లు కారు, కుటుంబాలున్న వృద్ధులు, ఎక్కువమంది మహిళలు. ఇక్కడ అతన్ని కాపాడింది ‘వయసైపోయింది కదా’ అన్న మాట. డయామార్ఫిన్ (మోతాదు మించితే ప్రాణం తీసే బలమైన నొప్పి మందు) ఇంజక్షన్ ఇచ్చేదీ, మరణ ధ్రువపత్రం రాసేదీ అతనే. దహనానికి కావలసిన రెండో వైద్యుడి సంతకం లాంఛనంగా పడిపోయేది. కనీసం 215 మందిని చంపాడని విచారణ సంఘం తేల్చింది. మృతులు ఎక్కువగా కుర్చీలో, పూర్తి దుస్తుల్లో ఉండటం అంత్యక్రియలు చేసేవాళ్లకు వింతగా తోచింది. 1998 మార్చిలో ఒక వైద్యురాలి ద్వారా అనుమానం అధికారుల దాకా వెళ్లింది. ఏప్రిల్‌లో పోలీసులు విచారణ మూసేశారు. ఆ తర్వాత మరో ముగ్గురు చనిపోయారు. మందుచీటీలు ఫోర్జరీ చేసినందుకు 1976లో అతనికి శిక్షపడిన సంగతి రికార్డుల్లోనే ఉంది, ఎవరూ తీసి చూడలేదు.