మాండలిన్‌కి పళ్లుంటే బాగుండేది

ఒంగోలు గిత్త వయసు చెప్పమంటే మా ఊళ్లో చిన్నపిల్లాడైనా చెబుతాడు. మూతి పట్టుకుని కింది పెదవి లాగితే సరి. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా, ఆరా, అక్కడే తేలిపోతుంది. ఇంతటి శాస్త్రం చేతిలో ఉన్న జనాన్ని మా తాతగారి మాండలిన్ మూడు నెలలుగా ముప్పుతిప్పలు పెడుతోంది.

అటక మీద, ఇత్తడి గంగాళం వెనకాల దొరికింది. వీపు సొరకాయ బుర్రలా ఉబ్బి ఉంటుంది. ఎనిమిది తీగల్లో అయిదు మిగిలాయి. మద్రాసు మూర్ మార్కెట్‌లో కొన్నారని అమ్మ అంటుంది. ఆ మార్కెట్టేమో 1985లో కాలిపోయింది కాబట్టి, కాదనే సాక్షి లేడు. మామయ్య మాత్రం ఒక్క చూపులో తేల్చేశాడు: "నూట ఇరవై ఏళ్లకి తక్కువుండదు అబ్బయ్యా. ఇటలీ సరుకు." ఆయన ఇటలీ ఎరగడు. సొంత పుట్టినరోజే అయ్యవారు వేసిన జూలై 1.

తెలిసినవాళ్లు కంతలోకి టార్చి వేసి, లోపల అంటించిన చీటీ చూస్తారు. అమెరికా గిబ్సన్ కంపెనీ వాళ్ల ఎఫ్-5 రకం మాండలిన్ అయి, చీటీ మీద అక్కడి ఇంజనీరు లాయిడ్ లోర్ సంతకమూ 1922-24 మధ్య తేదీ ఉంటే లక్ష డాలర్లు దాటి పలికిన సందర్భాలున్నాయి. అది విన్న రాత్రి ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఎఫ్-5కి అసలు బుర్ర వీపే ఉండదన్న సంగతి నేను తెల్లారేదాకా దాచాను. ఒక్క రాత్రైనా కోటీశ్వరులుగా పడుకోనీ అని.

మా చీటీలో "మేడ్ ఇన్" దాకా ఉంది. దేశాన్ని పురుగు తినేసింది.

పాత వాద్యం పైపూత ముట్టుకోకూడదని, కొత్త వార్నిష్ పడితే ధర పడుతుందని నేను చదివి చెప్పేలోపే మామయ్య బీరువాకి మిగిలిన వార్నిష్ రెండు పూతలు కొట్టించేశాడు. "పెళ్లిచూపులకి పిల్లకి పౌడరన్నా రాయమా?" అన్నాడు. ఆరడానికి మిద్దె మీద పెట్టారు. మే నెల, ఒంగోలు ఎండ. మధ్యాహ్నం పైపలక 'టప్'మంది. సాయంత్రానికి వెంట్రుకంత గీత, మర్నాటికి అందులో నా బొటనవేలి గోరు దూరింది. "పగులుంటేనే పాతదని నమ్ముతారు" అన్నాడు మామయ్య.

ఈలోగా అమెరికాలో ఉన్న బావమరిది కొనేవాణ్ణి చూస్తానన్నాడు. అప్పుడు తెలిసింది 1972 చట్టం సంగతి: వందేళ్లు నిండిన పురావస్తువుని మనబోటివాళ్లు దేశం దాటించకూడదు. రాత్రికి రాత్రే మాండలిన్ వయసు తొంభై అయిదుకి దిగింది. రిటైర్మెంటు ముంచుకొచ్చిన గుమాస్తా కూడా ఒక్క పూటలో పాతికేళ్లు తగ్గించుకోలేదు.

నన్నడిగితే అమ్మకూడదు. పంతొమ్మిదో శతాబ్దంలో మన గిత్తలు ఓడెక్కి బ్రెజిల్ పోయాయి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే గనక అక్కడ వాటికి 'నెలోర్' అని పేరు. ఇవాళ ఆ దేశపు మందల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. మనకి మాత్రం నెల్లూరులోని లావత్తు వదిలిపెట్టారు. ఇదంతా చెబితే పిన్ని, "అయితే అమ్మొద్దు, నాకిచ్చేయండి" అంది.

చివరికి మామయ్య పశువుల సంతలో తనకి తెలిసిన దళారిని పిలుచుకొచ్చాడు. ఆయన మాండలిన్‌ని తిరగేసి, వీపు మీద రెండు దెబ్బలు చరిచి, అలవాటు కొద్దీ మూతి వెతికాడు. తర్వాత వేళ్లతో ధర చెప్పుకునే సంత పద్ధతిలో ఇద్దరూ తువాలు కింద చేతులు కలిపారు. మామయ్య మొహం ఒకసారి వెలిగి, ఒకసారి ఆరింది.

"ఎంతంట మామా?"

"మూడు వేళ్లు నొక్కినాడు."

మూడొందలా, మూడు వేలా, మూడు లక్షలా? సంతలో అయితే సరుకు చూస్తే సున్నాలు తెలిసిపోతాయి. మామయ్య అడగలేదు. మేమూ అడగనివ్వలేదు. మాండలిన్‌ని పాత పంచెలో చుట్టి, జాగ్రత్తగా మళ్లీ గంగాళం వెనక్కి చేర్చాం.